కొత్త పికప్‌లో గేర్‌బాక్స్ వణుకు: లోపం ఎక్కడ, రుజువు ఎలా

షోరూమ్ నుంచి బయటికొచ్చి పట్టుమని పదివేల కిలోమీటర్లు కూడా తిరగని పికప్. హైవే మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంలో, యాక్సిలరేటర్ మీద పాదం ఊరికే ఆనించి వెళ్తుంటే ఉన్నట్టుండి బండంతా సన్నగా వణుకుతుంది. నిద్రమత్తులో ఉన్న డ్రైవర్లను లేపడానికి రోడ్డు అంచున చెక్కే గాడుల మీదికి టైర్లు ఎక్కినట్టు రెండు మూడు సెకన్లు గరగరమని, ఆగిపోతుంది. ఇంకాస్త తొక్కినా పోతుంది, పూర్తిగా వదిలేసినా పోతుంది. డాష్‌బోర్డు మీద ఏ హెచ్చరిక లైటూ వెలగదు. కంప్యూటర్‌లో ఏ కోడూ నమోదు కాదు. మర్నాడు సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే బండి బుద్ధిగా నడుస్తుంది.

ఈ ఫిర్యాదుకు చాలా చోట్ల వచ్చే మొదటి జవాబు ఒకటే: కొత్త బండి కదా, నాలుగు వేల మైళ్లు తిరిగితే అదే సర్దుకుంటుంది. ఈ మాటలో సగం నిజం ఉంది కాబట్టే యజమానులు నమ్ముతారు. నేటి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను నడిపించే కంప్యూటర్ ఒక్కో క్లచ్‌కి ఎంత ఆయిల్, ఎంత ప్రెషర్‌తో, ఎంతసేపు పంపాలో బండి నడుస్తుండగా నేర్చుకుంటూ పోతుంది. అందుకే మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో గేరు మారేటప్పుడు తగిలే కుదుపులు క్రమంగా తగ్గడం మామూలే. అయితే గేరు మారేటప్పుడు వచ్చే కుదుపు వేరు, ఒకే గేరులో నిలకడగా వెళ్తుంటే వచ్చే వణుకు వేరు. మొదటిది టైమింగ్ సమస్య, దాన్ని కంప్యూటర్ నేర్చుకుని సరిచేసుకోగలదు. రెండోది చాలాసార్లు రెండు ఉపరితలాల మధ్య రాపిడిలో, వాటి మధ్య ఉన్న ఆయిల్ రసాయన గుణంలో పుట్టే సమస్య. ఆయిల్ గుణం చెడితే కంప్యూటర్ ఎంత నేర్చుకున్నా అది బాగుపడదు. ఓపిక పట్టమన్న సలహా వల్ల ఇక్కడ కరిగిపోయేది వారంటీ కాలమే.

వణుకు పుట్టే చోటు అర్థం కావాలంటే టార్క్ కన్వర్టర్ దగ్గర కాస్త ఆగాలి. మామూలు ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య కాలితో తొక్కే క్లచ్ ఉండదు. ఆయిల్‌తో నిండిన గుండ్రటి డబ్బా లాంటి కన్వర్టర్ ఉంటుంది. దాని లోపల ఎదురెదురుగా రెండు రెక్కల చక్రాలు. ఇంజిన్ వైపు చక్రం ఆయిల్‌ను విసురుతుంది, ఆ తాకిడికి గేర్ల వైపు చక్రం తిరుగుతుంది. రెంటి మధ్యలో స్టేటర్ అనే మూడో చక్రం, వెనక్కొచ్చే ఆయిల్ దారి మళ్లించి, బండి కదిలే క్షణంలో టార్క్‌ను దాదాపు రెట్టింపు చేస్తుంది. బరువైన ట్రైలర్ కట్టిన పికప్ ఆగిన చోటి నుంచి మెత్తగా లేవగలుగుతోందంటే అది ఈ ఏర్పాటు చలవే.

దీనికో ఖరీదు ఉంది. ఆయిల్ ద్వారా శక్తి అందినంత కాలం రెండు చక్రాల వేగం ఎప్పటికీ సమానం కాదు. వెనకబడిన ఆ కొంత తేడా వేడిగా మారి వృథా అవుతుంది. అందుకని కన్వర్టర్ లోపలే ఒక క్లచ్ పెట్టి, నిలకడ వేగంలో ఇంజిన్‌నీ గేర్లనీ నేరుగా కలిపేసే పద్ధతి వచ్చింది. దాన్నే లాకప్ క్లచ్ అంటారు. 1949లోనే ప్యాకార్డ్ సంస్థ తన అల్ట్రామాటిక్ గేర్‌బాక్స్‌లో దీన్ని వాడింది. పెట్రోలు చవగ్గా దొరికిన ఆ రోజుల్లో దీని అవసరం ఎక్కువమందికి కనిపించలేదు. 1973 చమురు సంక్షోభం, 1975లో అమెరికా తెచ్చిన మైలేజ్ చట్టం వచ్చాక పరిస్థితి మారిపోయింది. 1978 మోడళ్లతో క్రైస్లర్ లాకప్‌ను మళ్లీ తెచ్చింది, తర్వాత దాదాపు అందరూ అదే బాట పట్టారు.

మొదట్లో లాకప్ క్లచ్‌కి రెండే స్థితులు ఉండేవి. పట్టుకుంటే పూర్తిగా పట్టుకోవడం, లేదంటే పూర్తిగా వదిలేయడం. టాప్ గేరులో, హైవే వేగంలో మాత్రమే పట్టుకునేది. మైలేజ్ లెక్కలు బిగుసుకునే కొద్దీ దాన్ని ఇంకా ముందుగా, ఇంకా తక్కువ వేగాల్లో పట్టించాల్సి వచ్చింది. ఎనిమిది, పది గేర్ల పెట్టెల్లో చాలావాటికి కింది గేర్లలోనే లాకప్ మొదలవుతుంది, హైవే మీద ఇంజిన్ 1,200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర నింపాదిగా తిరుగుతూ ఉంటుంది. ఇక్కడే చిక్కు. ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్‌లో 1,200 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 80 సార్లు ఇంధనం మండుతుంది. మైలేజ్ కోసం నాలుగు సిలిండర్లు ఆపేసి మిగతా నాలుగింటితో నడిస్తే అది 40కి పడుతుంది, ఒక్కో తాకిడి బలంగా తగులుతుంది. క్లచ్‌ను పూర్తిగా బిగిస్తే ఆ తాకిళ్లన్నీ నేరుగా సీటు దాకా వస్తాయి. అందుకే ఇంజినీర్లు మధ్యేమార్గం ఎంచుకున్నారు. క్లచ్‌ను పూర్తిగా బిగించకుండా, నిమిషానికి కొన్ని పదుల చుట్ల తేడాతో నిరంతరం జారుతూ ఉండేట్టు కంప్యూటర్ ప్రెషర్‌ను సర్దుతూ ఉంటుంది. జారుడు చాలా తక్కువ కనుక మైలేజ్ పెద్దగా పోదు. కొంచెం జారుతుంది కనుక ఇంజిన్ తాకిళ్లు అక్కడే అణిగిపోతాయి.

చూడటానికి చక్కటి ఏర్పాటే. కానీ దీని భారమంతా పడేది ఒక పలుచని పొర మీద, దాన్ని తడిపే ఆయిల్ మీద. క్లచ్ పలక మీద అతికించే ఆ లైనింగ్ కాగితం లాంటి పీచు పదార్థం. బండి హైవే మీద ఉన్నంతసేపూ అది ఉక్కు పలక మీద ఆయిల్‌లో తడుస్తూ జారుతూనే ఉండాలి, వణకకూడదు.

వణకకుండా జారడానికి ఒక షరతుంది. మొత్తం సమస్యకు ఇదే కీలకం. రెండు పలకల మధ్య వేగం తేడా పెరిగే కొద్దీ రాపిడి కూడా కొద్దిగా పెరగాలి. అలా ఉంటే ఏదో కారణాన పలక కాస్త ఎక్కువ జారినా, పెరిగిన రాపిడే దాన్ని పట్టి నెమ్మదింపజేస్తుంది. కాస్త తక్కువ జారితే రాపిడి తగ్గి వదులిస్తుంది. వ్యవస్థ తనంతట తానే నిలకడకు వస్తుంది. ఇది తలకిందులై, జారుడు పెరిగే కొద్దీ రాపిడి తగ్గే పరిస్థితి వచ్చిందనుకోండి. ఒకసారి జారడం మొదలైతే పట్టు ఇంకా తగ్గి మరింత జారుతుంది. అంతలో వేగాలు దగ్గరపడగానే పట్టు ఒక్కసారిగా పెరిగి అతుక్కుంటుంది. ఇంజిన్ లాగుడుకు మళ్లీ విడిపోతుంది. అతుక్కోవడం, జారడం, అతుక్కోవడం. సెకనులో ఎన్నోసార్లు జరిగే ఈ పట్టు విడుపుల దెబ్బలు ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదుగా వెనక చక్రాలకు, ఛాసిస్‌కు, సీటుకు చేరతాయి. డ్రైవర్‌కు తెలిసే షడ్డర్ ఇదే.

రాపిడి గుణం ఏ వైపు మొగ్గాలో నిర్ణయించేది ఎక్కువగా ఆయిల్‌లో కలిపే ఫ్రిక్షన్ మాడిఫయర్లనే రసాయనాలు. లోహం మీద, లైనింగ్ మీద అతి పలుచని పొరలా పరుచుకుని అవి జారుడును మెత్తబరుస్తాయి. వేడికి అవి అరిగిపోతాయి. ఆయిల్‌లో నీటి తేమ చేరితే వాటి పని చెడుతుంది, పైగా కాగితం లాంటి లైనింగ్ కూడా తేమను పీలుస్తుంది. షడ్డర్‌ను ఆయిల్ ఎంతకాలం ఆపగలదో తేల్చడానికి జపాన్ ఆటోమొబైల్ ప్రమాణాల్లో జేసో ఎం349 అని ప్రత్యేక పరీక్షే ఉంది. వణుకు విషయంలో ఆయిల్ పాత్ర ఎంతటిదో పరిశ్రమకు ఎప్పటి నుంచో తెలుసు. అందుకే గేర్‌బాక్స్ ఆయిల్‌ను గేరు చక్రాల్లాగే, క్లచ్ పలకల్లాగే ఒక విడిభాగంగా లెక్కగట్టాలి. కొత్త బండిలోని ఆ భాగం కూడా లోపంతో రావచ్చు.

అలా వచ్చిన సందర్భం ఇటీవలి చరిత్రలోనే ఉంది. జనరల్ మోటార్స్ 2015 మోడళ్ల నుంచి 8ఎల్90 అనే ఎనిమిది గేర్ల పెట్టెను వాడటం మొదలుపెట్టింది. దాని చిన్న తమ్ముడు 8ఎల్45. షెవర్లే సిల్వరాడో, జీఎంసీ సియెర్రా, కొలరాడో, కేన్యన్ పికప్‌లతో పాటు ఎస్కలేడ్, కార్వెట్, కమారో లాంటి బండ్లలోనూ ఈ రెంట్లో ఏదో ఒకటి ఉండేది. వణుకు ఫిర్యాదులు వరస కట్టాయి. డీలర్లకు మరమ్మతు ఎలా చేయాలో చెప్పే సర్వీస్ బులెటిన్లు ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చాయి. కొన్ని బండ్లకు ఆయిల్ మార్చారు, కొన్నింటికి టార్క్ కన్వర్టర్ మొత్తం మార్చారు. కొత్త కన్వర్టర్ పెట్టినా కొంతకాలానికి వణుకు మళ్లీ తలెత్తిన బండ్లున్నాయి. మొదట నింపిన ఆయిల్ తేమను పీల్చుకుని రాపిడి గుణం కోల్పోతున్నప్పుడు, అదే రకం ఆయిల్‌లో కొత్త క్లచ్‌ను ముంచితే జరిగేది అదే. చివరికి 18-ఎన్ఏ-355 అనే బులెటిన్‌తో కంపెనీ ఆయిల్ రకాన్నే మార్చింది. పాతదాన్ని పూర్తిగా కడిగేసి, మొబిల్ 1 సింథటిక్ ఎల్‌వీ ఏటీఎఫ్ హెచ్‌పీ నింపమంది. 2019 తర్వాత ఈ పెట్టెలకు అదే ఆయిల్ వాడుకలోకి వచ్చింది.

ఈ వ్యవహారం కోర్టుకూ ఎక్కింది. మిషిగన్‌లోని ఫెడరల్ జిల్లా కోర్టు 2023లో, 26 రాష్ట్రాల్లో సుమారు 8 లక్షల వాహనాల యజమానులు ఉమ్మడిగా దావా నడపవచ్చని అనుమతించింది. 2025లో ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు పూర్తి ధర్మాసనం ఆ అనుమతిని కొట్టేసింది. బండ్లలో లోపం ఉందా లేదా అన్నది అక్కడ తేల్చలేదు. ఇంతమంది కథలు, ఇన్ని రాష్ట్రాల చట్టాలు ఒకే దావాలో ఇముడుతాయా అన్నదే ప్రశ్న. యజమానులు ఇందులో గమనించాల్సిన సంగతి ఉంది. ఎవరో వేసిన పెద్ద దావా మీద ఆశ పెట్టుకుని సొంత బండి కాగితాలను నిర్లక్ష్యం చేస్తే, ఆ దావా చెదిరిన రోజు చేతిలో ఏమీ మిగలదు.

పికప్‌లో ప్రతి వణుకూ టార్క్ కన్వర్టర్‌ది కాదు. పొడవైన ఛాసిస్, వెనక ఆకు స్ప్రింగులు, రెండు ముక్కల ప్రొపెల్లర్ షాఫ్ట్, బరువైన టైర్లు, ఖాళీగా ఉండే వెనక ట్రే. వణకడానికి ఈ బండిలో కారులో కంటే ఎక్కువ చోట్లున్నాయి. వణుకు ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తే పోతోంది అన్నది జాగ్రత్తగా గమనిస్తే పానా ముట్టకుండానే సగం నిర్ధారణ అయిపోతుంది.

లాకప్ షడ్డర్‌ను పట్టుకోవడానికి పాత మెకానిక్‌లు వాడే పరీక్ష ఒకటి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. వెనకా ముందూ బండ్లు లేని సాఫీ రోడ్డు మీద, ఇంజిన్, గేర్‌బాక్స్ పూర్తిగా వేడెక్కాక, క్రూజ్ కంట్రోల్ తీసేసి, వణుకు వచ్చే వేగంలో నిలకడగా వెళ్లాలి. వణుకు మొదలవగానే కుడికాలు యాక్సిలరేటర్ మీద కదపకుండా ఉంచి, ఎడమకాలితో బ్రేక్ పెడల్‌ను బ్రేకు పడనంత మెల్లగా, వెనక లైటు వెలిగే మేరకే తాకాలి. చాలా బండ్లలో బ్రేక్ స్విచ్ కదలగానే కంప్యూటర్ లాకప్ క్లచ్‌ను వదిలేస్తుంది. ఆర్‌పీఎం చూపే టాకోమీటర్ ముల్లు కొంచెం పైకి లేస్తుంది. ఆ క్షణంలోనే వణుకు మాయమై, పెడల్ వదిలి లాకప్ మళ్లీ పట్టగానే తిరిగొస్తే, అనుమానం దాదాపు తీరినట్టే. ఎడమకాలు అలవాటు లేనివాళ్లు గట్టిగా తొక్కే ప్రమాదం ఉంది. వాళ్లు దీని బదులు గేరును చేత్తో ఒకటి రెండు మెట్లు దించి చూడొచ్చు. ఆర్‌పీఎం 2,000 దాటాక, బండి వేగం మారకుండానే వణుకు పోయిందంటే టైర్లు దాదాపు నిర్దోషులు.

టైర్లదైతే లెక్క వేరుగా ఉంటుంది. పికప్ టైరు వ్యాసం సుమారు 32 అంగుళాలు, అంటే ఒక చుట్టుకు రెండున్నర మీటర్లు. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు పది చుట్లు తిరుగుతుంది. కాబట్టి బ్యాలెన్సు తప్పిన టైరు సెకనుకు పది ఊపులు ఊపుతుంది. ఇది స్టీరింగ్‌లోనో సీటులోనో నిదానంగా ఊగినట్టు తెలుస్తుంది, గేరు ఏదైనా అదే వేగంలో వస్తుంది, న్యూట్రల్‌లో వేసినా ఆగదు. వెనక ఇరుసు నిష్పత్తి 3.42 ఉన్న బండిలో, అంటే చక్రం ఒక చుట్టు తిరిగేలోగా షాఫ్ట్ 3.42 చుట్లు తిరిగే బండిలో, ప్రొపెల్లర్ షాఫ్ట్ అదే వేగంలో సెకనుకు 34 చుట్లు తిరుగుతుంది. షాఫ్ట్ జాయింట్ కోణం సరిగా లేకపోతే ఒక్కో చుట్టుకు రెండు దెబ్బలు, అంటే సెకనుకు 68. ఇది ఊపులా కాక జుమ్మనే మోతలా తెలుస్తుంది. ఫోన్లో ఉండే కంపన సెన్సార్‌తో పనిచేసే యాప్ ఒకటి వేసుకుని బండి సీటు పట్టాల దగ్గర ఫోను పెడితే ఈ అంకెలు స్వయంగా చూడొచ్చు. సర్వీస్ సెంటర్లలో ఇదే పనిని పెద్ద పరికరంతో చేస్తారు.

ఆగిన చోటి నుంచి కదిలేటప్పుడు, ముప్పై కిలోమీటర్ల వేగంలోపు మాత్రమే వచ్చే వణుకు ఎక్కువగా షాఫ్ట్ కోణాలదీ, మధ్య బేరింగుదీ, లాగుడుకు మెలితిరిగే ఆకు స్ప్రింగులదీ. బండి ఎత్తు పెంచే కిట్లు వేసిన పికప్‌లలో ఇది మరీ ఎక్కువ. బ్రేకు తొక్కినప్పుడే వస్తే బ్రేక్ డిస్కులు చూడాలి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో పెట్టి పొడి తారురోడ్డు మీద మలుపు తిప్పితే బండి గెంతినట్టు అవుతుంది. పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ వ్యవస్థలో అది సహజం, తప్పు ఆ మోడ్‌ను అక్కడ వాడటమే.

నెమ్మదిగా, పూర్తిగా స్టీరింగ్ తిప్పి పార్కింగ్‌లో తిరుగుతున్నప్పుడు వెనక నుంచి వచ్చే గుడగుడ మాత్రం ఆసక్తికరమైనది. వెనక ఇరుసులో ఒక చక్రం మాత్రమే ఊరికే తిరిగిపోకుండా క్లచ్ పలకలతో ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌లో తగిన ఫ్రిక్షన్ మాడిఫయర్ లేని ఆయిల్ పోస్తే వచ్చేది అదే. చోటు వేరు, శాస్త్రం మాత్రం లాకప్ షడ్డర్‌దే. అక్కడ కూడా సరైన ఆయిల్ పోస్తే చాలాసార్లు సద్దుమణుగుతుంది.

అన్నింటికంటే ఎక్కువగా మోసం చేసేది ఇంజిన్ మిస్‌ఫైర్, అంటే ఏదో సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం. లాకప్ పట్టి, తక్కువ ఆర్‌పీఎంలో, చిన్న ఎత్తు ఎక్కుతున్న ఇంజిన్ మీద భారం బాగా ఉంటుంది. బలహీనమైన స్పార్క్ ప్లగ్గో, ఇగ్నిషన్ కాయిలో అప్పుడే తడబడుతుంది. లాకప్ వదిలేస్తే ఇంజిన్ కాస్త తేలికపడి ఆ తడబాటు కూడా కనబడకుండా పోతుంది కనుక, బ్రేక్ పెడల్ పరీక్ష ఒక్కటే చూసి గేర్‌బాక్స్ విప్పడం తొందరపాటు. చెక్ ఇంజిన్ లైటు వెలిగేంత లెక్క చేరకపోయినా, సిలిండర్ల వారీగా మిస్‌ఫైర్ లెక్క కంప్యూటర్‌లో ఉంటుంది. టెక్నీషియన్ స్కానర్‌లో దాన్నీ, లాకప్ క్లచ్ జారుడు అంకెనూ పక్కపక్కన పెట్టుకుని బండి నడపాలి. జారుడు అంకె స్థిరంగా ఉండి మిస్‌ఫైర్ లెక్క పెరుగుతుంటే ఇంజిన్. మిస్‌ఫైర్ సున్నా దగ్గరుండి జారుడు అంకె పైకీ కిందికీ గంతులేస్తుంటే క్లచ్. ఈ రెండు అంకెలు చూడకుండా చెప్పే ఏ తీర్పునూ నమ్మనక్కర్లేదు.

సర్వీస్ సెంటర్‌తో వ్యవహారం ఇక్కడి నుంచి మొదలవుతుంది, చాలామంది ఓడిపోయేదీ ఇక్కడే. పొద్దున్నే తాళాలిచ్చి వెళ్లిపోతే, చల్లబడిన బండిని టెక్నీషియన్ వీధి చివరి దాకా తిప్పి, సమస్య కనబడలేదు అని రాస్తాడు. అతనిది అబద్ధం కాకపోవచ్చు. ఆయిల్ వేడెక్కకుండా, ఆ వేగంలో, ఆ పాటి యాక్సిలరేటర్‌తో నడపకుండా వణుకు రాదు. కనుక టెస్ట్ డ్రైవ్‌కు కలిసి వస్తానని ముందే చెప్పి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. బండి వేడిగా ఉండగానే తీసుకెళ్లాలి, వణుకు వచ్చే రోడ్డు మీద తానే నడిపి చూపించాలి. ఏ గేరు, ఎంత వేగం, ఎంత ఆర్‌పీఎం, బండి నడవడం మొదలై ఎంతసేపు, ఎండా వానా, ట్రైలర్ ఉందా లేదా అన్నవి ముందే రాసుకుని ఉంటే పని సులువవుతుంది. పక్క సీటులో ఉన్న మనిషి తీసిన వీడియోలో టాకోమీటర్ ముల్లు వణకడం కనబడితే అది వంద మాటల పెట్టు.

రిపేర్ ఆర్డర్ కాగితం మీద ఏముందో సంతకం పెట్టే ముందు చదవాలి. "కస్టమర్ శబ్దం వస్తోందంటున్నారు" అని రాస్తే ఒప్పుకోకూడదు. "నిలకడ వేగంలో, తక్కువ యాక్సిలరేటర్‌తో బండి వణుకుతోంది" అని రాయించాలి. సమస్య దొరకలేదని తిప్పి పంపినా సరే, తేదీ, ఓడోమీటర్ అంకెతో ఆ కాగితం చేతికి రావాలి. ఖాళీ చేతులతో తిరిగొచ్చిన సర్వీస్ విజిట్ చట్టం దృష్టిలో జరగనట్టే.

"ఈ మోడల్ లక్షణమే ఇంత" అనే జవాబు వస్తే దాన్ని పరీక్షించే మర్యాదైన దారి ఒకటుంది. అదే మోడల్, అదే ఇంజిన్, అదే గేర్‌బాక్స్ ఉన్న మరో బండిని అదే రోడ్డు మీద నడిపి పోల్చి చూపమని అడగడం. రెండూ ఒకేలా ఉంటే వాదన బలహీనపడినట్టే, దాన్ని ఒప్పుకోవాలి. తేడా ఉంటే ఆ తేడాను కాగితం మీద పెట్టమనాలి. అమెరికాలో తయారీదార్లు డీలర్లకు పంపే సర్వీస్ బులెటిన్లు రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. మోడల్, సంవత్సరం కొట్టి వెతికి, వణుకు గురించి బులెటిన్ ఉంటే దాని నంబరు పట్టుకుని వెళ్లడం మంచిది. బులెటిన్ రీకాల్ లాంటిది కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. రీకాల్‌లో కంపెనీ యజమానిని వెతుక్కుంటూ వస్తుంది. బులెటిన్‌లో ఫిర్యాదు చేసినవాడికే, అదీ వారంటీ ఉన్నంత వరకే మరమ్మతు. అక్కడి పెద్ద కంపెనీల పికప్‌లలో ఇంజిన్, గేర్‌బాక్స్‌ల వారంటీ చాలా మోడళ్లకు 5 సంవత్సరాలు లేదా 60,000 మైళ్లు, ఏది ముందైతే అది. 58,000 మైళ్ల దగ్గర వణుకు వచ్చి, ఫిర్యాదు 61,000 దగ్గర చేస్తే ఆ మూడు వేల మైళ్లు చాలా ఖరీదైనవి.

ఆయిల్ మార్పుతోనే పని అవుతుందంటే, ఎలా మారుస్తున్నారో అడగాలి. అడుగున ప్లగ్ తీసి కారనిచ్చి మళ్లీ నింపితే పాత ఆయిల్‌లో పెద్ద భాగం కన్వర్టర్‌లో, ఆయిల్ కూలర్ పైపుల్లో అలాగే ఉండిపోతుంది. చెడిన ఆయిల్‌లో కొత్తది కలిపినట్టే అవుతుంది. అందుకే ఇలాంటి బులెటిన్లు యంత్రంతో పూర్తిగా మార్చమనో, నింపడం, నడపడం, కార్చడం మళ్లీ మళ్లీ చేయమనో చెబుతాయి. ఆయిల్ మట్టం కూడా నిర్ణీత వేడి దగ్గరే చూడాలి. కొత్త పికప్‌లలో చాలావాటికి మట్టం చూసే డిప్‌స్టిక్ ఉండదు గనక యజమాని తర్వాత సరిచూసుకునే వీలు తక్కువ. మార్చిన వెంటనే వణుకు పోకపోతే కంగారు పడనక్కర్లేదు. లైనింగ్‌లో ఇంకిన పాత ఆయిల్ బయటికి రావడానికి, కొత్త రసాయనాలు పలకల మీద పరుచుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు నడవాలి.

దుకాణాల్లో దొరికే షడ్డర్ నివారణ సీసాల గురించి కూడా చెప్పాలి. వాటిలో ఉండేది ఫ్రిక్షన్ మాడిఫయర్లే. వారంటీ దాటిన పాత బండిలో కొన్నిసార్లు ఫలితం ఇస్తాయి. కొత్త బండిలో పోయడం మాత్రం తప్పు. వణుకు తాత్కాలికంగా అణిగితే రుజువు పోతుంది. అణగకపోతే, బయటి రసాయనం కలిపారన్న సాకు డీలర్ చేతికి దొరుకుతుంది.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సరిచేశామంటే కొంచెం లోతుగా అడగడం న్యాయమే. ప్రెషర్ లెక్క తప్పయితే అప్‌డేట్ నిజమైన చికిత్సే. అలా కాక వణుకు వచ్చే పరిధిలో లాకప్‌నే పట్టనివ్వకుండా చేస్తే వణుకు తెలియదు, దాని బదులు ఆయిల్ వేడెక్కుతుంది, మైలేజ్ తగ్గుతుంది. అప్‌డేట్‌కి ముందూ తర్వాతా ఒకే రోడ్డు మీద, ఒకే వేగంలో ఆర్‌పీఎం, ఆయిల్ వేడి, మైలేజ్ రాసి పెట్టుకున్నవారికి ఈ తేడా దొరుకుతుంది.

మూడు నాలుగు ప్రయత్నాల తర్వాతా అదే లోపం నిలిచి ఉంటే అమెరికాలో లోపభూయిష్టమైన కొత్త బండ్ల కొనుగోలుదారులను కాపాడే లెమన్ చట్టాల వైపు చూడాల్సి వస్తుంది. 1982లో కనెటికట్ తొలి చట్టం తెచ్చింది, ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఉన్నాయి. ఒకే లోపానికి ఇన్నిసార్లు మరమ్మతు విఫలమైతే, లేదా బండి మొత్తం 30 రోజులు సర్వీస్ సెంటర్‌లోనే ఉంటే కంపెనీ మార్చివ్వాలి లేదా తిరిగి కొనాలి అన్నది చాలా రాష్ట్రాల కొలత. కొన్ని రాష్ట్రాల్లో ఈ రక్షణకు గడువు మొదటి ఏడాదో రెండేళ్లో మాత్రమే. పికప్ యజమానులు మరో సంగతి చూసుకోవాలి. కొన్ని రాష్ట్రాల చట్టాలు 10,000 పౌండ్ల స్థూల బరువు దాటిన వాహనాలను మినహాయిస్తాయి, పెద్ద హెవీ డ్యూటీ పికప్‌లలో కొన్ని ఆ గీత దాటుతాయి. ఎంత బరువుకు రూపొందించారో డ్రైవర్ తలుపు అంచున ఉన్న స్టిక్కర్ మీదే ఉంటుంది. టైర్లు మార్చారనో, వెనక మూత వేశారనో చెప్పి గేర్‌బాక్స్ వారంటీ మొత్తానికి ఎగ్గొట్టడం కుదరదు. 1975 నాటి మాగ్నుసన్ మాస్ వారంటీ చట్టం స్ఫూర్తి ప్రకారం, ఆ మార్పు వల్లే లోపం వచ్చిందని చూపాల్సిన బాధ్యత కంపెనీదే. బండి ఎత్తు పెంచే కిట్ వేసి, వణుకు కదిలేటప్పుడే వస్తుంటే మాత్రం ఆ చూపడం వాళ్లకు పెద్ద కష్టం కాదు.

ఆయిల్ పూర్తిగా మార్చాక పోయిన వణుకు కొన్ని వేల కిలోమీటర్లకు మళ్లీ వస్తే, అర్థం చాలావరకు ఒకటే. అన్ని రోజులూ అతుక్కుంటూ జారుతూ నడిచిన లైనింగ్ పైపొర కాలి, గాజులా నున్నబడింది. ఇక ఏ ఆయిలూ దాన్ని తిరిగి గరుకు చేయలేదు. అప్పుడు టార్క్ కన్వర్టర్ మార్చడమే సరైన అడుగు, దాంతో పాటే కూలర్‌ను కడగడం, లాకప్ ప్రెషర్‌ను నడిపే వాల్వును పరీక్షించడం కూడా జరగాలి. లేకపోతే పాత పలక నుంచి రాలిన రేణువులు కొత్త కన్వర్టర్‌లోకే చేరతాయి. ఏ రకం ఆయిల్ నింపారో బిల్లు మీద పేరుతో సహా రాయించుకోవాలి. మళ్లీ సర్వీసుకు వెళ్లినప్పుడు మొదట అవసరపడేది ఆ ఒక్క పంక్తే.